పాత కారు, కొత్త ఇంజను, ముందు స్ప్రింగులు

రెండెడ్ల బండికి ధాన్యపు బస్తాలెత్తు రైతు మొదటి బస్తాను ఎచ్చట వేయవలెనో ముందుగా చూచుకొనును. బరువు ముందుకు జరిగినచో కాడి ఎడ్ల మెడలను నొక్కును. వెనుకకు జరిగినచో కాడి పైకి లేచి వాటి గొంతులను పట్టును. బస్తాల లెక్క మారలేదు, బండి మారలేదు, ఎడ్లు మారలేదు. మారినది బరువున్న చోటు మాత్రమే. ఆ పొరపాటునకు శిక్ష ననుభవించునవి నోరులేని జీవములు. మోటారు కారునకు కాడి లేదు, మెడ లేదు. కాని దాని ముందు చక్రముల మీద రెండు స్ప్రింగులు కలవు. ఇంజను భారమును రేయింబవళ్లు మోయునవి ముఖ్యముగా అవియే. పాత కారులోని ఇంజనును దింపి దాని స్థానమున మరియొక దానిని నిలిపిన ప్రతి సందర్భమునను ఆ స్ప్రింగుల అర్హతను మరల పరీక్షింపవలసియుండును.

ఈ పరీక్షను మరచువారే ఎక్కువ. పాత కారుపై మమకారము గలవాడు ఇంజను మార్చదలచినపుడు మొదట అడుగునది అశ్వశక్తిని గురించి. పిమ్మట వేగమును గురించి. ఆ తరువాత ఖర్చును గురించి. స్ప్రింగుల మాట చివర వచ్చును, లేదా రానే రాదు. కారు వీధిలో నిలిచియున్నంతసేపు ఈ మరపువలన కీడు కనబడదు. వర్షమునకు తడిసిన మలుపులో, వేగముగా పోవుచుండగా, చోదకుడు చక్రము త్రిప్పిననూ ముక్కు తిరుగక కారు తిన్నగా పోవునప్పుడు అది బయటపడును. అప్పుడు లెక్కలు సరిచూచుకొనుటకు వ్యవధి యుండదు. కావున ఈ విషయము కేవలము యంత్రశాలకు సంబంధించిన చిన్న సంగతి కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది.

దీనికి చక్కని దృష్టాంతము ఇంగ్లండులోని అబింగ్‌డన్ కర్మాగారమున తయారైన ఒక కారు చరిత్రలో లభించుచున్నది. 1962లో అచ్చటినుండి ఎం.జి.బి. అను రెండు ఆసనముల చిన్న కారు వెలువడెను. దాని ఇంజను నాలుగు సిలిండర్లది. ఇనుప పోతతో చేయబడినది. పరిమాణము 1,798 ఘనపు సెంటీమీటర్లు. ముందు చక్రములకు చుట్టల స్ప్రింగులు, వెనుక ఇరుసునకు కమాను పట్టీలు అమర్చబడినవి. ఈ ఇంజను తెలుగు పాఠకులకు పూర్తిగా పరాయిది కాదు. మన రోడ్లపై దశాబ్దములపాటు తిరిగిన అంబాసిడరు కారులోని 1,489 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, ఇదియును ఒకే వంశమునకు చెందినవి. బి.ఎం.సి. సంస్థవారి ‘బి’ శ్రేణి యని ఆ వంశమునకు పేరు.

ఎం.జి.బి. విజయవంతమయ్యెను. మరింత శక్తిగల కారు కావలెనను కోరిక పుట్టుట సహజము. 1967లో అదే శరీరమున ఆరు సిలిండర్ల ఇంజనును అమర్చి ఎం.జి.సి. అను పేరుతో విడుదల చేసిరి. కొత్త ఇంజను పరిమాణము 2,912 ఘనపు సెంటీమీటర్లు. శక్తి 145 అశ్వశక్తులు. అదియును ఇనుముదే. పాతదానికంటె సుమారు 210 పౌన్లు, అనగా దాదాపు 95 కిలోగ్రాములు, ఎక్కువ బరువుగలది. పొడవును ఎక్కువే. ఆ పొడవునకు చోటు చాలక ముందున్న అడ్డుదూలమును మార్చవలసి వచ్చెను. చుట్టల స్ప్రింగులకు బదులుగా టార్షన్ బారులను, అనగా మెలిపడుటచే బరువును మోయు ఉక్కు కడ్డీలను, పెట్టిరి. అవి నేలపలక క్రిందుగా వెనుకకు సాగి అచ్చట బిగింపబడినవి. చక్రముల వ్యాసమును 14 అంగుళములనుండి 15 అంగుళములకు పెంచిరి. ఇంజను మూతపై ఉబ్బెత్తు సైతము తప్పలేదు.

ఇంత శ్రమపడినను ఎం.జి.సి.కి మంచి పేరు రాలేదు. ముక్కు బరువైనదనియు, మలుపులలో బద్ధకముగా తిరుగుచున్నదనియు నాటి విమర్శకులు వ్రాసిరి. 1969లోనే దాని నిర్మాణము ఆగిపోయెను. మొత్తము దాదాపు 9,000 కారులు మాత్రమే తయారైనవి. తరువాతి కాలమున టైర్లలోని గాలి ఒత్తిడిని సరిగా ఉంచి, కడ్డీలను షాక్ అబ్జార్బర్లను సరిచూచుకొనిన యజమానులు ఆ కారు అంత చెడ్డది కాదని చెప్పుచు వచ్చిరి. అయినను మొదట పడిన మచ్చ మాసిపోలేదు.

ఆ తరువాత అదే శరీరమున మరియొక ప్రయోగము జరిగెను. కెన్ కాస్టెల్లో అను ఆంగ్లేయుడు 1970 ప్రాంతమున ఎం.జి.బి.లో రోవరు వారి ఎనిమిది సిలిండర్ల ఇంజనును పెట్టి అమ్మసాగెను. ఆ ఇంజను పుట్టుక అమెరికాలో. 1960 దశకపు ఆరంభమున బ్యూక్ వారు దానిని అల్యూమినియముతో నిర్మించిరి. దాని హక్కులను రోవరు సంస్థ సంపాదించెను. పరిమాణము 3,528 ఘనపు సెంటీమీటర్లు, అనగా ఎం.జి.బి. ఇంజనునకు దాదాపు రెట్టింపు. అయినను, లోహము తేలికది కావున, బరువు మాత్రము పాత నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజనుతో ఇంచుమించు సమానము. 1973లో కర్మాగారమువారే ఈ పద్ధతిని చేపట్టి 1976 వరకు 2,591 కారులను నిర్మించిరి. వీటికి టార్షన్ బారుల అవసరము కలుగలేదు. ముందు చుట్టల స్ప్రింగులతోనే పని జరిగెను.

ఒకే శరీరము, మూడు ఇంజనులు. రెండవది పరిమాణమున మూడవదానికంటె చిన్నది. కాని అదియే చిక్కులు తెచ్చినది. దీనినిబట్టి తేలునదేమనగా, స్ప్రింగునకు అశ్వశక్తితో నేరుగా సంబంధము లేదు. సిలిండర్ల సంఖ్యతోను లేదు. దానికి తెలిసినవి రెండే: ఎంత బరువు, ఆ బరువు ఎచ్చట. స్ప్రింగును ఎన్నుకొనదలచినవాడు మొదట తెలిసికొనవలసినవియు ఈ రెండే.

బరువు తెలియుటకు ఊహలు పనికిరావు. ఇంజను మార్చుటకు ముందును, మార్చిన తరువాతను కారును ధర్మకాటాకు తీసికొనిపోయి ముందు ఇరుసును, వెనుక ఇరుసును వేరువేరుగా తూచుట ఉత్తమము. ఇంజనుతోబాటు గేరుపెట్టె మారును, రేడియేటరు పెద్దదగును, బ్యాటరీ స్థానము మారవచ్చును. వీటినన్నిటిని చేర్చిన మొత్తమే అసలు మార్పు. ఇక చోటు విషయము సాధారణమైన తులాదండ సూత్రము. ఎం.జి.బి. ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ దూరము సుమారు 231 సెంటీమీటర్లు. అదనముగా వచ్చిన బరువు ముందు ఇరుసునకు 23 సెంటీమీటర్లు వెనుకగా ఉన్నదనుకొనుడు. అప్పుడు ఆ బరువులో నూటికి 90 పాళ్లు ముందు చక్రములపైన, 10 పాళ్లు వెనుక చక్రములపైన పడును. అదే బరువు ముందు ఇరుసును దాటి ముందుకు వ్రేలాడుచున్నచో, ముందు చక్రములపై దాని మొత్తముకంటె ఎక్కువ భారము పడి వెనుక చక్రములు తేలికపడును. అందువలననే అనుభవజ్ఞులైన మేస్త్రీలు కొత్త ఇంజనును వీలైనంత వెనుకకు జరిపి బిగించుటకు ప్రయత్నింతురు. అట్లు జరిపిన ప్రతి అంగుళమును స్ప్రింగు పనిని తేలిక చేయును.

తూకము తెలిసిన పిమ్మట స్ప్రింగు స్వభావమును తెలిసికొనవలెను. బడిలో భౌతికశాస్త్రము చదువు ప్రతి విద్యార్థికిని రాబర్ట్ హుక్ సూత్రము పరిచితమే. స్ప్రింగు ఎంత సాగునో లేక ఎంత నలుగునో అది దానిపై పడిన బలమునకు అనులోమానుపాతమున ఉండునని హుక్ 1678లో వివరించెను. అంతకు రెండేండ్ల ముందు, 1676లో, ఆ సూత్రమును అక్షరములను కలగాపులగము చేసి ఒక పొడుపుకథవలె ప్రకటించియుండెను. మూడు శతాబ్దములు దాటినను కారు స్ప్రింగుల ఎంపికకు మూలము ఆ సూత్రమే.

ఒక ఉదాహరణమును తీసికొందము. లెక్క సులభమగుటకు ఎన్నుకొన్న అంకెలివి; ఏ ఒక్క కారునకును చెందినవి కావు. ఒక ముందు చక్రముపై స్ప్రింగు మోయు బరువు 225 కిలోగ్రాములు. ఇందు చక్రము, బ్రేకు మొదలగువాటి బరువును చేర్చరాదు. ఏలయన వాటిని స్ప్రింగు మోయదు, నేలయే మోయును. చక్రమువద్ద కొలిచిన స్ప్రింగు బిగువు సెంటీమీటరునకు 18 కిలోగ్రాములు. అనగా ప్రతి 18 కిలోగ్రాములకు ఒక సెంటీమీటరు చొప్పున స్ప్రింగు నలుగును. 225 కిలోగ్రాములకు 12.5 సెంటీమీటర్లు నలుగును. ఇప్పుడు కొత్త ఇంజను వలన చక్రమొక్కింటికి 45 కిలోగ్రాములు పెరిగినదనుకొనుడు. కారు ముక్కు మరి 2.5 సెంటీమీటర్లు క్రుంగును.

క్రుంగుట కంటికి కనబడు దోషము. కంటికి కనబడనిది మరియొకటి కలదు. ప్రతి స్ప్రింగునకు తన బరువుతో ఊగు ఒక సహజమైన లయ యుండును. పై ఉదాహరణమున పాత ఇంజనుతో కారు ముందు భాగము నిమిషమునకు సుమారు 85 మారులు ఊగును. బరువు పెరిగిన పిమ్మట అది 77 మారులకు తగ్గును. ఊపు మందగించును, గతుకులో పడినపుడు ముక్కు ఎక్కువ దూరము దిగును, స్ప్రింగునకు మిగిలిన దారి చాలక రబ్బరు దిమ్మకు కొట్టుకొనును.

ఈ రెండు దోషములను పోగొట్టుటకు స్ప్రింగు బిగువును బరువు పెరిగిన నిష్పత్తిలోనే పెంచవలెను. బరువు 225 నుండి 270 కిలోగ్రాములకు, అనగా నూటికి 20 పాళ్లు, పెరిగినది. బిగువును 18 నుండి 21.6 కిలోగ్రాములకు పెంచుదము. ఇప్పుడు 270ని 21.6 చేత భాగించిన మరల 12.5 సెంటీమీటర్లే వచ్చును. స్ప్రింగు సహజపు పొడవు మార్చకయే కారు పూర్వపు ఎత్తున నిలుచును. లయయును తిరిగి 85కే చేరును. ఒక్క మార్పుతో ఎత్తును లయయును రెండును సరిపడుట ఇందలి విశేషము. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూచినచో హుక్ సూత్రము వారికి పరీక్షకొరకు కంఠస్థము చేయు వాక్యముగా మిగులదు.

అయితే చక్రమువద్ద కావలసిన బిగువు వేరు, స్ప్రింగునకు ఉండవలసిన బిగువు వేరు. చాలమంది పొరబడునది ఇచ్చటనే. ముందు చక్రమును పట్టియుండు చేయి ఒక తులాదండము. స్ప్రింగు దాని నడిమధ్య కూర్చున్నదనుకొనుడు. చక్రము రెండు సెంటీమీటర్లు లేచిన స్ప్రింగు ఒక్క సెంటీమీటరే నలుగును. కాని దానిపై పడు బరువు రెట్టింపు. కనుక చక్రమువద్ద 18 కిలోగ్రాముల బిగువు కావలెనన్న స్ప్రింగు బిగువు నాలుగు రెట్లు, అనగా 72 కిలోగ్రాములు, ఉండవలెను. 21.6 కావలెనన్న 86.4 ఉండవలెను. చేయి కొలతలు తెలియక మరియొక కారు స్ప్రింగు అంకెలను చూచి కొనుట, ఇతరుని కొలతలకు కుట్టిన అంగీని తొడుగుకొనుట వంటిది.

స్ప్రింగును చేయువాడు ఈ బిగువును ఎట్లు సాధించును? చుట్టల స్ప్రింగు బిగువు ఉక్కు తీగ వ్యాసముయొక్క నాలుగవ ఘాతమును అనుసరించి పెరుగును. చుట్ట వ్యాసముయొక్క మూడవ ఘాతమును అనుసరించి తరుగును. పనిచేయు చుట్టల సంఖ్యనుబట్టియు తరుగును. నాలుగవ ఘాతము మహిమ చూడుడు. 13 మిల్లీమీటర్ల తీగకు బదులు 13.6 మిల్లీమీటర్ల తీగను వాడినచో చాలును. బిగువు నూటికి 20 పాళ్లు పెరుగును. కంటిచూపునకు రెండు స్ప్రింగులును ఒక్కటే. అందుచేత స్ప్రింగును చేతితో పట్టుకొని చూచి ‘ఇది గట్టిది’ అనువాని మాటకంటె కొలమానముతో తీగను కొలిచినవాని మాట నమ్మదగినది.

ఈ కొలతలకు ఓపిక లేనివారు త్రొక్కు అడ్డదారులు మూడు కలవు. మొదటిది, పాత స్ప్రింగు క్రింద దిమ్మ నుంచి ముక్కును పైకెత్తుట. టార్షన్ బారులున్న కారులో వెనుక కొన బిగింపును మార్చి ఎత్తుటయును ఇట్టిదే. ఎత్తు సరిపడును గాని బిగువు మారదు. మందగించిన లయ మందగించియే యుండును. రెండవది, పొడవు ఎక్కువైన స్ప్రింగును ఒక చుట్ట కోసివేయుట. చుట్టలు తగ్గిన కొలది బిగువు పెరుగునను సంగతి తెలిసి, లెక్కించి, కొన సరిగా కూర్చుండునట్లు కోసినచో అది ఒక పద్ధతియే. ఊహతో కోసినచో ప్రమాదము. మూడవది, మంటతో కాల్చి స్ప్రింగును క్రుంగజేయుట. ఇది ముమ్మాటికిని చేయరానిది. ఉక్కునకు పదును పోవును. పదును పోయిన స్ప్రింగు నాటినాటికి క్రుంగుచు ఒకనాడు విరుగవచ్చును.

ఇందుకు విరుద్ధమైన పొరపాటు ఒకటి కలదు. ‘గట్టిది ఎంతైనను మంచిదే’ యని రెట్టింపు బిగువుగల స్ప్రింగులను కొనువారు కలరు. పై ఉదాహరణమున 18కి బదులు 36 కిలోగ్రాముల బిగువును ఉంచినచో లయ నిమిషమునకు 109కి పోవును. అదే పొడవు గల స్ప్రింగైనచో ముక్కు పూర్వపు ఎత్తుకంటె 5 సెంటీమీటర్లు పైకి లేచి నిలుచును. గతుకు గతుకునకు ఎముకలు కదలును. అంతకంటె ముఖ్యమైన హాని మరియొకటి. మలుపులో కారు ఒరుగునపుడు ముందు భాగము అతిగా బిగిసియున్నచో, ఒరుగు భారమున అధికభాగమును వెలుపలి ముందు టైరు ఒక్కటియే భరింపవలసివచ్చును. ఆ టైరు పట్టు సడలును. కారు మలుపునకు వెలుపలికి జారును. బరువైన ముక్కు వలన ముందే ఈ దోషమునకు లోబడియున్న కారునకు, మితిమీరిన బిగువు రోగమునకు రోగమునే మందుగా ఇచ్చినట్లగును.

ముందు వెనుకల పొంతనను గూర్చి శ్రద్ధగా పరిశోధించినవారిలో మారిస్ ఓలీ ప్రముఖుడు. రోల్స్ రాయిస్ సంస్థనుండి 1930లో అమెరికాలోని జనరల్ మోటార్సు సంస్థకు వచ్చిన ఇంజనీరు ఈయన. కారు రెండు కొనలయందును కదల్చదగిన బరువులను అమర్చి, వాటిని మార్చి మార్చి ప్రయాణము చేసి పరీక్షించెను. ముందు స్ప్రింగుల లయ వెనుకవాటి లయకంటె కొంచెము మందముగా ఉండుట మేలని తేల్చెను. కారణము సులభము. గతుకు మొదట ముందు చక్రములకు తగులును. క్షణకాలమునకు వెనుక చక్రములకు తగులును. ఆలస్యముగా ఊగనారంభించిన వెనుక భాగము కొంచెము త్వరగా ఊగినచో ముందు భాగమును కలిసికొనును; కారు తొట్టివలె ముందుకు వెనుకకు ఊగక సమముగా లేచి దిగును. కావున ముందు స్ప్రింగును ఎన్నుకొనువాడు వెనుక కమానులను కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

షాక్ అబ్జార్బర్ల సంగతియు మరువరాదు. స్ప్రింగు శక్తిని దాచుకొని తిరిగి ఇచ్చును. దానిని అణచివేయునది షాక్ అబ్జార్బరు. బరువును బిగువును రెండును నూటికి 20 పాళ్లు పెరిగినపుడు అణచు శక్తియు అంతే పెరుగవలెను. లేనిచో కొత్త స్ప్రింగు గతుకు దాటిన తరువాతను ఊగుచునే యుండును. కొత్త స్ప్రింగులు కొలదికాలము వాడుకలో కొంత క్రుంగి స్థిరపడును గనుక, కొన్ని వందల కిలోమీటర్లు నడిపిన పిమ్మట ఎత్తును మరల కొలిచి, చక్రముల వాలును సరిచేయించుట మంచిది.

ఇంతయు సరిగా చేసినను స్ప్రింగు చేయలేని పని ఒకటి మిగిలియే యుండును. అది బరువును మోయగలదు. బరువును మాయము చేయలేదు. 95 కిలోగ్రాముల అదనపు ఇనుము మలుపులో తిన్నగా పోవుటకే యత్నించును. బ్రేకు వేసినపుడు ముందుకే త్రోయును. ఆ భారము టైర్లకు, బ్రేకులకు, చోదకుని భుజములకు తెలియుచునే యుండును. ఎం.జి.సి. చరిత్ర బోధించునది ఇదియే. స్ప్రింగుల జాతినే మార్చినను ఆ కారు ముక్కు తేలికపడలేదు. అల్యూమినియపు ఇంజను వచ్చిన తరువాతనే చిక్కు వీడెను. సరియైన స్ప్రింగు ఎంపిక నిజమునకు సరియైన ఇంజను ఎంపికతోనే ప్రారంభమగుచున్నది.

మన దేశమున ఈ పని తలపెట్టువారికి మరియొక విచారణ కలదు. అంబాసిడరు కారునకే 1990 దశకపు మొదటిభాగమున కర్మాగారమువారు ఇసుజు 1,817 ఘనపు సెంటీమీటర్ల ఇంజనును అమర్చిరి. 2014లో ఉత్తరపారాలో ఆ కారు నిర్మాణము నిలిచిపోవువరకు అనేక ఇంజనులు దానిలో మారినవి. ముందు భాగమున టార్షన్ బారులే దానిని మోసినవి. ఆ కడ్డీల బిగువును వ్యాసముయొక్క నాలుగవ ఘాతమునే అనుసరించును. కాని నిర్మాతలు చేయునది వేరు, వ్యక్తి తన యింట చేయునది వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము నిర్మాత నిర్దేశించిన లక్షణములను యజమాని తన యిష్టము వచ్చినట్లు మార్చరాదు. 2021లో వచ్చిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటిన వాహనమునకు పురాతన వాహనముగా గుర్తింపు కావలెనన్న అది మూలరూపమున నిలిచియుండవలెను. ఇంజను మార్చినవాడు శక్తిని పొందవచ్చును. కాని ఆ గౌరవమును కోల్పోవచ్చును. ఏది కావలెనో పనిముట్లను చేపట్టుటకు పూర్వమే నిశ్చయించుకొనవలెను.

పాత వస్తువునకు కొత్త శక్తిని కూర్చుట తప్పు కాదు. ఒక భాగమును మార్చినవాడు దానిని ఆనుకొనియున్న తక్కిన భాగములకు జవాబుదారియని తెలిసికొనుటయే ఇందలి వివేకము. తులాదండమును, హుక్ సూత్రమును, ఘాతములను వేరువేరు పాఠములుగా చెప్పు ఉపాధ్యాయునకు ఈ ఒక్క స్ప్రింగు వాటినన్నిటిని ఒకచోట చేర్చి చూపగలదు. తూచి, కొలిచి, లెక్కించి చేసిన పనికి మెప్పు రాకపోవచ్చును. వర్షపు రాత్రి మలుపు తిరిగి కారు క్షేమముగా ఇల్లు చేరినపుడు దానికి కారణము ఎవ్వరును అడుగరు.